పట్టుడొక్కటే కాదు, విడుసుడు గూడ నేర్వు

అల్లుడా,

ఈ ఆషాఢం బోనాలల్ల మన గల్లీ పలహారం బండి ముందర నువ్వే పోతరాజు కడ్తున్నవని అక్క చెప్పింది. మస్తు సంతోషమైంది. ఒంటికి పసుపు పూసుకొని, కాళ్లకు గజ్జెలు, నడుముకు వేపమండలు కట్టుకొని, కొరడా తిప్పుకుంట లాల్‌దర్వాజా సింహవాహిని అమ్మవారి గుడి దిక్కు నువ్వు ఎగురుకుంట వస్తుంటే చూడాలని నాకు గూడ ఉన్నది. దాని కోసం జిమ్ముల నువ్వు పడ్తున్న కష్టం గూడ చూస్తనే ఉన్న. అందుకే ఈ నాలుగు మాటలు. కోపానికి రాకు. మేనమామను, నేను చెప్పకుంటె ఇంకెవరు చెప్తరు?

నిన్ను ఎప్పుడు కదిలిచ్చినా ఒకటే ముచ్చట. ఎంత బరువు లేపిన, ఎంతసేపు బిగపట్టిన, దండ ఎన్ని ఇంచులైంది. దోస్తులు గూడ గదే అడుగుతరు. కండ సడలుడు గురించి మీల ఒక్కడన్న మాట్లాడంగ నేను వినలే. నా నౌకరి అంత ఫిజియాలజీ ల్యాబుల గడిచింది బిడ్డా. ఆడ నేను చూసింది ఒక్క ముక్కల చెప్పాల్నంటె, బిగుసుడు అల్క, సడలుడే బరువు. సడలుడుకు టైము ఎక్కువ గావాలె, దానికి గూడ తిండి ఖర్చయితది. ఒళ్లు అలసిపోతే ముందుగాల కుంటువడేది గూడ గదే.

ఎట్ల తెల్సింది అంటవా? మెడికల్ కాలేజీల మొదటి సంవత్సరం పిల్లలకు అప్పట్ల కప్పలతోని ప్రాక్టికల్స్ ఉండేటివి. ఇప్పుడవి బంద్ అయినయ్, కంప్యూటర్ మీదనే చూపిస్తున్నరు, మంచిగైంది. పొద్దుగాల పిల్లలు రాకముందే నేను ఇత్తడి డ్రమ్ముకు నున్నటి కాగితం చుట్టి, పొగ మంట మీద నిదానంగ తిప్పి, అంత సమానంగ మసి పట్టియ్యాలె. ఒక్క దగ్గర పల్చగైనా సార్లు ఊకోకపోదురు. కప్ప పిక్క కండను, దానికొచ్చే నరంతో సహా తీసి, రింగర్ ద్రావణంతోని తడుపుకుంట, ఒక కొసను సూదితోని గుచ్చి, ఇంకో కొసను దారంతోని సన్నటి లీవరుకు కడుదురు. నరానికి కొంచెం కరెంటు ముట్టిచ్చిన్రంటె కండ ఒక్క ఎగురు ఎగిరి పడేది. తిరిగే మసి కాగితం మీద లీవరు మొన తెల్లటి గీత గీసేది. ఎక్కుతది, దిగుతది, అంతే. ఆ కాగితాన్ని లక్క కలిపిన స్పిరిట్ల ముంచి ఆరేస్తే పిల్లలు కత్తిరిచ్చి రికార్డుల అతికిచ్చుకునేది.

ఆ గీతను కొలిస్తే మొత్తం సెకండుల పదో వంతు. కరెంటు ముట్టినంక కండ కదలడానికే సెకండుల నూరో వంతు పోతది. బిగుసుడుకు నూట్ల నాలుగు వంతులు, సడలుడుకు నూట్ల ఐదు వంతులు. చూసినవా, అలసట లేని కండకు గూడ దిగుడుకే ఎక్కువ సేపు.

అసలు తమాషా తర్వాతి ప్రాక్టికల్ల ఉండేది. కండకు సందియ్యకుంట కరెంటు మీద కరెంటు కొడుదురు. గీత ఎత్తు తగ్గుకుంట వస్తది, అది ఎవరన్న అనుకునేదే. కని దిగే దిక్కు చూడాలె నువ్వు. సాగి సాగి, ఆఖరికి మొదలున్న గీత కాడికి చేరకముందే ఇంకో దెబ్బ పడ్తది. కండ పూర్తిగ సడలకుంటనే మళ్ల బిగుసుకుంటది. పిల్లలు ఎత్తే కొలిచి రాసుకునేది. నాకేమో ఎప్పుడూ ఆ దిగని గీత మీదనే కన్ను. జిమ్ముల ఆఖరు సెట్టు అయినంక నీ మోచెయ్యి చక్కగ చాపరాదు చూడు, అప్పుడు నీ దండల ఉన్నది గూడ గసొంటి గీతనే.

కండ లోపట ఏమైతదో చెప్త, విను. కండను చీలిస్తే పోగులు వస్తయ్. ఒక్కో పోగు ఒక్కో కణం. వెంట్రుకంత సన్నం, కని పొడుగు సెంటీమీటర్ల లెక్కల ఉంటది, ఒక్కో పోగుల వందల కేంద్రకాలు. ఆ పోగు లోపట ఇంకా సన్నటి పోగులు, వాటి పొడుగంత ఒకదాని వెంట ఒకటి చిన్న చిన్న గదులు. ఒక మిల్లీమీటరు పొడుగుల నాలుగైదు వందల గదులు పడ్తయ్. గది నడుమ మయోసిన్ అనే లావు దారాలు, రెండు గోడల నుంచి లోపటికి వచ్చే ఆక్టిన్ అనే సన్న దారాలు. కండ బిగుసుకున్నప్పుడు ఈ దారాలే ముడుచుకుంటయని శానా రోజులు అనుకున్నరు. 1954 మే నెలల 'నేచర్' పత్రిక ఒకే సంచికల రెండు వ్యాసాలు వచ్చినయ్. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కె రాసింది, ఇంకోటి హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ రాసింది. ఇద్దరు హక్స్‌లీలకు చుట్టరికం ఏం లేదు, ఎవరి దారిల వాళ్లు పోయి ఒక్క కాడికే వచ్చిన్రు. దారం ఏదీ పొట్టిగ గాదు, సన్న దారాలు లావు దారాల నడుమకు జారుతయ్, గది గోడలు దగ్గరికొస్తయ్, అంతే అని చెప్పిన్రు.

జారుడు ఎట్లంటె, మన పాత ఇంట్ల చేదబాయి యాదికున్నదా? మీ అమ్మమ్మ బొక్కెన చేదేటప్పుడు ఒక చెయ్యి తాడు పట్టి గుంజేది, ఆ చెయ్యి విడిచి ముందుకు చాపి మళ్ల పట్టేది. లావు దారానికి పక్కలంట వందల తలలుంటయ్, ఒక్కో తల చేసే పని గదే. సన్న దారాన్ని పడ్తది, మిల్లీమీటరుల లక్షో వంతంత గుంజుతది, విడుస్తది, వెనుకకు మళ్లి ఇంకో జాగల పడ్తది. అన్ని తలలు ఒక్కపారే విడువయ్, కొన్ని పట్టి ఉంటయ్, కొన్ని విడిచి ఉంటయ్. అందుకే తాడు వెనుకకు జారదు. సెకండుకు ఎన్నో మాట్ల ఇది నడుస్తది.

ఇప్పుడు చెవి ఇటు పెట్టు. గుంజుడు అయిపోయినంక తల ఆ దారానికి గట్టిగ అతుక్కొని ఉంటది, దానంతట అది విడువదు. ఏటీపీ అనే పదార్థం వచ్చి తలకు అతికితెనే పట్టు విడుస్తది. విడిచినంక ఆ ఏటీపీ విరిగి, దాని శక్తితోని తల మళ్ల ఎక్కుపెట్టుకుంటది. అంటే ఏటీపీ మొదటి పని విడిపిచ్చుడు. ఏటీపీ లేదనుకో, కండ మెత్తగై జారిపోతదని అనుకుంటం కదా? జారదు, కొయ్య అయితది.

మనోళ్లు ఇది చదువుకోకుంటనే చూసిన్రు. ఇంట్ల ఎవరన్న పోతే పెద్దోళ్లు ఏడుపు దిగమింగుకొని ముందుగాల ఏం చేస్తరు? కండ్లు మూస్తరు, దవడకు గుడ్డ కడ్తరు, కాళ్లు చేతులు చక్కగ చాపి బొటన వేళ్లు కడ్తరు. ఆలస్యమైతే చాపరాదని వాళ్లకు ఎరుక. ప్రాణం పోయినంక కొన్ని గంటలల్ల కండల ఉన్న ఏటీపీ ఒడుస్తది, తలలన్ని పట్టిన కాడ పట్టినట్టే ఉండిపోతయ్. ఒకటి రెండు దినాలకు ఆ దారాల ప్రోటీన్లే పాడుగావట్టి మళ్ల సడలుతది, మన ఎండకు ఇంకా జెల్ది. బోనాల ఆదివారం నాడు కొట్టిన యాటమాంసం దుకాణంల బండ మీద ఇంకా అదురుతుండంగ చూసి చిన్నప్పుడు నువ్వు నా వెనుక దాక్కున్నవ్. దాంట్ల అప్పటికి ఇంకా ఏటీపీ ఉన్నదన్నట్టు.

ఖర్చు ఇంతతోని తీరదు. తలలు ఎప్పుడంటే అప్పుడు దారాన్ని పట్టకుంట సన్న దారం మీద ఒక కాపలా ఉంటది, ట్రోపోమయోసిన్ అనే పోగు. దాన్ని పక్కకు జరిపే తాళం ట్రోపోనిన్. తాళంచెవి కాల్షియం. తాళం సంగతి 1960లల్ల జపాన్ల ఎబాషి అనే ఆయన కనుక్కున్నడు. కాల్షియం మామూలుగ పోగు లోపటనే సంచులల్ల దాచి ఉంటది, బయటి కన్న సంచుల లోపట పది వేల రెట్లు చిక్కగ. మెదడు నుంచి వెన్నుపాముకు, ఆడికెల్లి నరం కొసకు కబురు వస్తది. నరం కొస ఎసిటైల్‌కోలిన్ అనే మందు చుక్కలు విడుస్తది. పోగు మీద కరెంటు పారి, సన్నటి గొట్టాలంట లోపటికి దిగి, సంచుల మూతలు తెరుస్తది. కాల్షియం బయటపడ్తది, తాళం తీస్తది, తలలు పని మొదలువెడ్తయ్. ఇదంత చెప్పుడుకు నాకు ఇంతసేపు పట్టింది గని నీ ఒంట్ల కండ్లు మూసి తెరిసే లోపట అయిపోతది.

బయటపడుడుకు ఖర్చు లేదు, మూత తెరిస్తె చాలు. మళ్ల లోపటికి ఎక్కియ్యాలె కదా? సంచి గోడలకు పంపులుంటయ్. రెండు కాల్షియంలను లోపటికి తోడుడుకు ఒక ఏటీపీ. కండ పని చేసేటప్పుడు అయ్యే మొత్తం ఖర్చుల మూడో వంతుకు అటుఇటుగ ఈ పంపులకే పోతది. బరువు లేపుడుకు కాదు, సడలుడుకు! నరం కాడ గూడ గదే కథ. ఎసిటైల్‌కోలిన్‌ను వెంటనే విరిచేసే ఎంజైమ్ ఒకటి ఉంటది. పొలాలల్ల మూతికి గుడ్డ లేకుంట పురుగుమందు కొట్టే రైతులకు ఒళ్లంత కండలు అదురుతయ్ చూడు, ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఆ ఎంజైమునే పట్టుకుంటయ్. కబురు ఆగదు, కండకు విశ్రాంతి దొరకదు, ఆఖరుకు ఊపిరి తీసే కండలే పడిపోతయ్. ఆపే ఏర్పాటు చెడితే ప్రాణం మీదికే వస్తదన్నట్టు.

ఇగ నీ డబ్బా సంగతి. అలమార మీద పెట్టినవ్ కదా, క్రియాటిన్ అని రాసి ఉన్నది. దాని వెనుక మనోడొకడు ఉన్నడని నీకు తెల్వదు. యెల్లాప్రగడ సుబ్బారావు. 1895ల భీమవరంల పుట్టిండు, మద్రాసుల వైద్యం చదివిండు, ఆడ ఆయుర్వేద కాలేజీల పాఠాలు చెప్పి, అమెరికా పోయి బోస్టన్ల చేరిండు. పొట్టకూటికి దవాఖానల రాత్రి కొలువు చేసి, పొద్దుగాల హార్వర్డ్ ల్యాబుల పని చేసేది. ఆడ సైరస్ ఫిస్క్ అనే ఆయనతోని కలిసి 1925ల రక్తంల, మూత్రంల ఫాస్ఫరస్ ఎంతున్నదో కొలిచే పద్ధతి తయారుచేసిండు. మాలిబ్డేట్ కలిపి ఇంకో మందు వేస్తే నీలి రంగు తేలుతది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫేట్ అంత ఉన్నట్టు. మా పక్క బయోకెమిస్ట్రీ ల్యాబుల "ఫిస్క్ సుబ్బారో" అని సీసాల మీద రాసి ఉండేది. పిల్లలు అది చూసి ఇద్దరు తెల్లదొరలు అనుకునేది. ఒక పోరనికి నేను చెప్తే, "భీమవరమా అన్నా, నిజమా?" అని నోరు తెరిచిండు.

ఆ నీలి రంగే ఒక గుట్టు బయటపెట్టింది. కండ రసం తీసి కొలిస్తే రంగు మామూలుగ రావాల్సినంత జెల్ది రాలే. నిదానంగ, ఆగి ఆగి ముదిరింది. ఇంకొకరైతే మందు పాతదైందని పారవోసి మళ్ల కలుపుకుందురు. వీళ్లిద్దరు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నరు. ఫాస్ఫేట్ ఇంకో దానికి అతికి ఉన్నది, పరీక్ష నడుస్తుంటే కొద్దికొద్దిగ ఊడుతున్నది అని తేల్చిన్రు. ఆ ఇంకోటి క్రియాటిన్, రెండు అతికి ఉన్నదే ఫాస్ఫోక్రియాటిన్. 1927ల 'సైన్స్' పత్రికల అచ్చైంది. అదే ఏడు ఇంగ్లండ్ల ఎగిల్టన్ దంపతులు గూడ దాని జాడ పట్టిన్రు. ఫిస్క్, సుబ్బారావు పిల్లి కండతోని చేసి చూపిచ్చిన్రు: కండ పని చేస్తే ఫాస్ఫోక్రియాటిన్ తరుగుతది, కండను ఊకనే ఉండనిస్తే మళ్ల నిండుతది. రెండేండ్లకు, 1929ల, ఏటీపీని జర్మనీల లోమాన్, హార్వర్డ్‌ల వీళ్లిద్దరు వేర్వేరుగ కనుక్కున్నరు.

అప్పటిదాక కండ బిగుసుకునేది లాక్టిక్ యాసిడ్ వల్ల అని పెద్ద పెద్దోళ్లు నమ్మేది. ఆ దారిల పని చేసిన హిల్‌కు, మేయర్‌హాఫ్‌కు 1922 నోబెల్ గూడ వచ్చింది. 1930ల డెన్మార్క్‌ల లుండ్స్‌గార్డ్ ఒక విషం ఇచ్చి కండల లాక్టిక్ యాసిడ్ పుట్టకుంట చేసినా కండ కొంతసేపు బిగుసుకుంటనే ఉన్నది, ఫాస్ఫోక్రియాటిన్ మాత్రం తరిగింది. కండ శాస్త్రంల విప్లవం వచ్చిందని 1932ల ఆ హిల్లే రాసిండు. నోబెల్ తీసుకున్న ముచ్చటనే పక్కకు పెట్టుడు చిన్న సంగతి కాదు, ఆయనంటె నాకు గౌరవం. సుబ్బారావుకు మాత్రం హార్వర్డ్‌ల పర్మనెంట్ కొలువు దొరకలే. 1940ల లెడర్లీ కంపెనీకి పోయి, ఫోలిక్ యాసిడ్, బోదకాలు మందు, ఇంకా ఎన్నో పనులు నడిపిచ్చిండు. బోదకాలు మాత్రలు సర్కారోళ్లు గల్లీ గల్లీ తిరిగి పంచుతరు కదా, ఆ మందు గూడ ఆయన పెద్దరికం కింద వచ్చిందే. 53 ఏండ్లకే 1948ల పోయిండు. జిమ్ములల్ల గోడలకు బొమ్మలు పెట్టాల్నంటె ముందు ఆయన బొమ్మ పెట్టాలె, నా మాట విను.

ఇప్పుడు లెక్క చూడు. గట్టిగ బిగపడితె నీ కండల ఉన్న ఏటీపీ రెండు మూడు సెకండ్లకే ఒడుస్తది. ఒడవకుంట ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేట్ ఇచ్చి నింపుకుంట పోతది, అది గూడ ఎనిమిది పది సెకండ్లు. ఆ తర్వాత చక్కెర కరగాలె, ఊపిరి తియ్యాలె, పని నిదానమైతది. ఒడిసిన ఫాస్ఫోక్రియాటిన్ సగం నిండుడుకు అర నిమిషం, దాదాపు అంత నిండుడుకు మూడు నుంచి ఐదు నిమిషాలు. ఆ నిండుడు కండ సడలి ఉన్నప్పుడే జరిగేది, రక్తం అప్పుడే మంచిగ పారుతది గాబట్టి. నువ్వేమో సెట్టుకు సెట్టుకు నడుమ ఫోన్ల రీలు చూసి అర నిమిషంల లేస్తున్నవ్. మూడు నిమిషాలు కూసో బిడ్డా. రీళ్లు ఇంకో నాలుగు ఎక్కువ చూసుకో, నేను వద్దనను.

పౌడరు పారెయ్యమంటలే. క్రియాటిన్ మాంసంల, చేపల ఉండేదే, మన ఒళ్లు గూడ తయారుచేసుకుంటది. కిడ్నీలు మంచిగున్నోడు దినానికి మూడు నుంచి ఐదు గ్రాములు తీసుకుంటె పెద్ద నష్టం లేదని పరీక్షలు చెప్తున్నయ్. కని ఒకపారి రక్తపరీక్ష చేయించుకొని డాక్టరును అడుగు. అది నిల్వను కొంచెం పెంచుతది, అంతే. విశ్రాంతి లేకుంట ఆ నిల్వ నిండదు, డబ్బా మీద అది రాయరు. మన పాతబస్తీ తాలీంలల్ల వస్తాదులు కుస్తీ పట్టొచ్చిన పోరన్ని మాలిష్ చేసి పండబెట్టేది. పాలు, బాదం అంటరు గని నన్నడిగితే ఆ పండబెట్టుడే అసలు మందు.

నేను భయపడేది డబ్బాకు కాదు, సూదికి. మెఫెంటర్మిన్ ఇంజెక్షన్లు మన సిటీ జిమ్ములల్ల దొంగచాటుగ అమ్ముతుంటే పోలీసులు పట్టుకున్నట్టు పేపర్లల్ల చూసినం. అది ఆపరేషన్ టేబులు మీద బీపీ పడిపోతే డాక్టర్లు ఇచ్చే మందు. గుండెను ఉరికిచ్చి, అలసట తెల్వకుంట చేస్తది. అలసట పోయిందనుకోకు, అలసట కబురు ఆగింది, అంతే. కప్ప కండకు చెప్పుకునే నోరు లేదు గాబట్టి కరెంటు కొడ్తుంటే ఎగిరింది. నీకు నోరున్నది, ఆ నోరును సూదితోని మూసుకోకు. దోస్తు ఎవడన్న ఇస్తనంటె నాకు చెప్పు, వాళ్ల నాయినతోని నేను మాట్లాడ్త.

మీ అమ్మను చూసి గూడ జెర నేర్చుకో. బోనం కుండ నెత్తిన పెట్టుకొని, దాని మీద దీపం వెలుగుతుంటే, లైన్ల ఎంతసేపు నిలవడ్తది? మెడ కదలదు, నడుము వంగదు. జిమ్ము పోరగాండ్లు అట్ల అరగంట నిలవడుండ్రి చూద్దాం. ఆ మెడ, నడుము కండలల్ల పోగులన్ని ఒక్కపారే బిగుసుకోవయ్. కొన్ని పోగులు పట్టి ఉంటె కొన్ని సడలుతయ్, మళ్ల అవి పడ్తయ్, ఇవి సడలుతయ్. బయటికి కదలిక కనపడదు గని లోపట వంతులు మారుతనే ఉంటయ్. ఆ పోగులల్ల శానావరకు నిదానంగ పని చేసే ఎర్ర పోగులు, ఏటీపీ తక్కువ తింటయ్, ఊపిరితోని నడుస్తయ్. నువ్వు ఎగురుడుకు వాడేది జోరు పోగులు, తెల్లగుంటయ్, తొందర అలుస్తయ్. కోడిని కోసినప్పుడు తొడ ఎర్రగ, రొమ్ము తెల్లగ ఎందుకుంటదని అడిగినవ్ కదా ఒకపారి, గందుకే. దినమంత నడిచేది తొడ, ఒక్కపారి రెక్కలు కొట్టేది రొమ్ము.

మొన్న గోల్కొండ బోనాలకు కోట ఎక్కి దిగొచ్చి, మర్నాడు మెట్లు దిగలేక గోడ పట్టుకున్నవంట. లాక్టిక్ యాసిడ్ పేరుకుందని నీ ట్రైనర్ అన్నడంట. ఆయనకు చెప్పు, అది గంటల అటుఇటు కరిగిపోతది, మర్నాటి దాక ఉండదు. నొప్పి ఎక్కినందుకు కాదు, దిగినందుకు. దిగేటప్పుడు తొడ కండ బిగుసుకొనే ఉంటది గని ఒంటి బరువుకు సాగుతది. ఆ సాగుడుల బలహీనంగున్న గదులు చిట్లుతయ్. వాటిని ఒళ్లు బాగుచేసుకుంటది, అట్ల బాగుచేసుకున్నప్పుడే కండ గట్టివడ్తది. దానికి రెండు మూడు దినాలు, పప్పు, గుడ్డు, నిద్ర గావాలె. నొప్పి ఉన్న తొడతోనే మళ్ల బైఠక్‌లు కొట్టకు.

ఇంకోటి గుర్తుపెట్టుకో, ఇది నవ్వులాట కాదు. అలవాటు లేని పని అతిగ చేసినంక కండలు ఉబ్బి, పట్టుకుంటె ఓర్వరాకుంట, మూత్రం డికాక్షన్ రంగుల వచ్చిందంటె చాయ్ తాగి చూద్దామని కూసోకు. చిట్లిన కండల నుంచి వచ్చేది రక్తంల కలిసి కిడ్నీలను కొడ్తది. వెంటనే దవాఖానకు ఉరుకు, సీపీకే పరీక్ష రాయమను. రాత్రి పిక్క పట్టుకుంటె మాత్రం భయం లేదు. కాలు చాపి, వేళ్లను మోకాలి దిక్కు గుంజి పట్టు. కండను సాగదీస్తె నరం నుంచి వచ్చే జోరు కబురు తగ్గి సడలుతది.

ఇగ బోనాల రెండు దినాలు ఏం చెయ్యాల్నో చెప్త. ముందు వారం జిమ్ము సగం చెయ్, ఆఖరి రెండు దినాలు బంద్ పెట్టు, నిద్ర పో. ఆదివారం పొద్దుగాల ఉపాసమని ఏం తినకుంట, తాగకుంట ఎగురకు. అమ్మవారు నీ కడుపు మాడ్చుకోమనలే. జోరుగ ఎగురుడు పది సెకండ్లు పెట్టుకో, అటెన్క కొరడా భుజాన ఏసుకొని నిదానంగ అడుగులు ఏసుకుంట నడువు. చూసేటోళ్లకు అది పోతరాజు ఠీవి అనిపిస్తది, నీ పిక్కలకు ఫాస్ఫోక్రియాటిన్ నింపుకునే టైము దొరుకుతది. మర్నాడు ఘటాల ఊరేగింపుల నయాపూల్ దాక పోవాలె, శాలిబండ కాడ జనం మీద జనం పడ్తరు, ఆడ తీన్‌మార్ ఆగనే ఆగదు. డప్పులోళ్లతోని ఒక రోజు ముందే మాట్లాడుకో, నువ్వు చెయ్యి ఎత్తితే దెబ్బ నిదానం చెయ్యాల్నని. వాళ్ల ముంజేతులు గూడ కండలే, పొద్దుగూకెదాక కొడ్తనే ఉంటరు. నీళ్ల బాటిళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ బండి మీద నేను పెట్టిపిస్త, నువ్వు తాగేటప్పుడు వాళ్లకు గూడ పిలిచి పొయ్యి.